ఏడేళ్లు పైకి చదివాక

నవలలు పైకి చదవడం మొన్నటిదాకా నా ఉద్యోగం. ఫోన్‌లో కథలు వినేవాళ్ల కోసం ఆబిడ్స్‌లో ఒక సందులో, మందుల షాపు మీద ఉన్న రెండు గదుల్లో ఏడేళ్లు ఆ పని చేశాను. ముప్పై మూడేళ్లకే రిటైరయ్యానంటే ఇంట్లోవాళ్లు నవ్వుతారు. కానీ ఆ పనికి మళ్లీ వెళ్లేది లేదు కాబట్టి దానికి వేరే మాట తోచడం లేదు.

ఈ మధ్య చాలామంది అమ్మాయిలు ఈ పనిలోకి వస్తున్నారు. ఇద్దరు ముగ్గురు నాకు మెసేజ్‌లు పెట్టారు. అందరిదీ ఒకటే మాట: "పుస్తకాలంటే పిచ్చి అక్కా, అందుకే." ఫోన్ చేసి మాట్లాడమని అడిగారు గానీ కొత్తవాళ్లతో ఫోన్‌లో మాట్లాడటం నాకు చేతకాదు. అందుకే రాస్తున్నాను. ఏ మైకు కొనాలో, గొంతుకి ఏం తాగాలో మీకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఇంకొకటి. పనిలో చేరేనాటికి నేను ఏదో ఒక నవల చేతిలో లేకుండా అన్నం తినని మనిషిని. మానేసేనాటికి నాకోసం నేను ఒక్క పేజీ చదువుకోలేని మనిషినయ్యాను. అది తిరిగి వస్తుందో రాదో తెలియకుండా కొన్ని నెలలు గడిపాను. ఈ సంగతి తెలిసి రండి.

బొంతల గది

మా తాతగారు యాభై ఆరులో రాజధానితో పాటు కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చిన గుమాస్తా. అప్పటినుంచీ మావాళ్లు నాంపల్లి దాటి ఎక్కడా కాపురం పెట్టలేదు. నేను డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు ఒక ఆఫీసులో టైపు పని చేశాను. అక్కడ నన్ను "ఆ మాట్లాడని అమ్మాయి" అనేవారు. నలుగురు కూర్చున్నచోట నోరు పెగలదు నాకు. చిత్రమేమంటే, తలుపు మూసిన గదిలో, ఎదుట మనిషి లేకుండా, వేరేవాళ్లు రాసిన మాటలు చదవమంటే గంటలకొద్దీ చదవగలను. అది తెలిసిన ఒక స్నేహితురాలు నన్ను నర్సింగ్ రావు గారి దగ్గరికి తీసుకెళ్లింది.

నర్సింగ్ రావు గారు పాతకాలపు హైదరాబాదీ. ఒకప్పుడు క్యాసెట్ల దుకాణం, తర్వాత సీడీల దుకాణం, అవి రెండూ పోయాక ఈ రికార్డింగు. బయటి చప్పుడు రాకుండా లోపలి గది గోడలకి బేగం బజార్‌లో కొన్న బొంతలు మేకులతో కొట్టించారు. రికార్డింగు నడుస్తున్నప్పుడు ఏసీ ఆపాలి, ఫ్యాను ఆపాలి. ఎండాకాలం ఆ బొంతల మధ్య కూర్చుని మంచు కొండల్లో ప్రేమకథ చదివిన రోజులున్నాయి.

అవతలి గదిలో యాదగిరి అన్న. శబ్దం సరిచూసేది, కత్తిరించేది ఆయనే. మైకు ఎంత చిన్న చప్పుడైనా పట్టేస్తుంది. మొదటి రోజే హెడ్‌ఫోన్‌లో ఆయన గొంతు వినిపించింది.

"చెల్లె, జర ఆగు. నీ కడుపు మాట్లాడుతున్నది. తినలేదా పొద్దున?"

సిగ్గుతో చచ్చిపోయాను.

"సిగ్గెందుకు? కిందికి పోయి రెండు ఇడ్లీ తినిరా. హీరోయిన్ ఏడుస్తుంటే పక్కన కడుపు గుడగుడ అంటే బాగుంటదా?"

పనిలో ఇంకో పద్ధతి ఉంది. మాట తప్పు పలికితే ఆగి ఒక చప్పట కొట్టాలి. కంప్యూటర్ తెరమీద ఆ చప్పట నిలువుగా ఒక గీతలా లేస్తుంది. కత్తిరించేవాడు మొత్తం వినక్కర్లేదు, గీత కనిపించిన చోటికి వెళ్లి తప్పు తీసేస్తాడు. చప్పట కొట్టి, వాక్యం మొదటినుంచి మళ్లీ చదవాలి. నెల తిరిగేసరికి చేతులు వాటంతటవే కొట్టడం నేర్చుకుంటాయి.

ఇక చదవడం గురించి నర్సింగ్ రావు సార్ చెప్పింది ఒక్కటే. "గీడ మనం నాటకం ఆడుతలేం అమ్మా. వినేటోడు బస్సుల ఉంటడు, వంటింట్ల ఉంటడు. ఎవరు మాట్లాడుతున్నరో సమజ్ కావాలె, గంతే."

హోటల్ యజమాని గొంతు

మొదటి సంవత్సరం నేను నవల ముందుగా చదవకుండానే మైకు ముందు కూర్చునేదాన్ని. తర్వాతి పేజీలో ఏం జరుగుతుందో వినేవాళ్లలాగే నాకూ తెలియకూడదు, అప్పుడే గొంతులో ఆత్రం నిజంగా ఉంటుంది అనుకునేదాన్ని. నాకు ఆ పనిలో దొరికిన సుఖమల్లా అదే. జీతం ఇచ్చి మరీ నవల చదివిస్తున్నారు అనిపించేది.

ఒక నవలలో టిఫిన్ హోటల్ యజమాని ఉన్నాడు. మొదటి అధ్యాయంలోనే సర్వర్ల మీద పెత్తనం చేస్తూ కనిపించాడు. నేను ఆయనకి గంభీరమైన, గదమాయించే గొంతు పెట్టాను. పదకొండు అధ్యాయాలు గదమాయించాను. పన్నెండో అధ్యాయంలో హీరో తల్లి అంటుంది: "పాతికేళ్లుగా చూస్తున్నాం, ఆయన గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు."

నేను ఆగిపోయాను. హెడ్‌ఫోన్‌లో యాదగిరి అన్న నవ్వు.

"అయిపాయె. ఏం చేద్దాం చెల్లె, నడుమల గొంతు ఆపరేషన్ అయ్యిందని చెప్దామా?"

సార్ వచ్చి విషయం విని, రచయితకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు. ఆయన చాలా మర్యాదస్తుడు.

"అలా రాశానా అండీ? ఏ చాప్టర్లో? నాకు గుర్తు లేదు సుమా. ఆ వాక్యం తీసేయండి, పర్లేదు."

"సార్, ఏమనుకోకున్రి," అన్నారు నర్సింగ్ రావు గారు, "మీరొకసారి సదివిన్రా మీ నవల?"

అటునుంచి పెద్దగా నవ్వు వినిపించింది.

వాక్యం తీసేస్తే సరిపోయేదే. కానీ ఆ తల్లి మాట వల్లే చివర్లో ఆ యజమాని మంచివాడని నమ్మబుద్ధేస్తుంది. అందుకని పదకొండు అధ్యాయాల్లోనూ ఆయన మాటలన్నీ మెత్తగా మళ్లీ చదివాను. వారం పట్టింది. ఆ వారం సార్ ఒక నియమం పెట్టారు: ఇకమీదట నవల మొత్తం ఇంటికి తీసుకెళ్లి ముందే చదవాలి. ఎవరి గొంతు ఎలా ఉండాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుని రావాలి.

సరైన నియమం. ఎవరైనా అదే చెబుతారు, నేనూ మీకు అదే చెబుతాను. కానీ అప్పటినుంచి నేను ఇంట్లో చదివే ప్రతి నవలా పని అయిపోయింది. అది నాకు అప్పుడు తెలియలేదు.

ఈమధ్య నవలల గురించి నిజం చెప్పాలంటే

ఏడేళ్లలో వచ్చిన కొత్త నవలలు నేను చదివినన్ని బహుశా విమర్శకులు కూడా చదివి ఉండరు. ఒక్క వాక్యం కూడా వదలకుండా, రెండేసిసార్లు. కాబట్టి నా అభిప్రాయం చెప్పే హక్కు ఉందనుకుంటాను.

చాలా నవలలు తెల్లవారుజామున ఫోన్ మోగడంతో మొదలవుతాయి. ఎవరో పోయారు. హీరో బయల్దేరతాడు. దారిపొడుగునా జ్ఞాపకాలు. వాళ్లలో ఎవరికీ ఉద్యోగం ఉండదు, లేదా ఉన్నా అది ఏమిటో తెలియదు. సెలవు అడగక్కర్లేదు, గ్యాస్ అయిపోదు. అందరూ తమ బాధని డాక్టరుకి చెప్పినట్టు వివరంగా చెప్పుకుంటారు. ముసలమ్మ, కాలేజీ పిల్ల, ఆటో నడిపే ఆయన ముగ్గురూ రచయిత మాట్లాడినట్టే మాట్లాడతారు. కంటితో చదివితే అది కనబడదు. పైకి చదివితే దాక్కోలేదు. ముగ్గురికి మూడు గొంతులు పెట్టి ఒకే మాట చెప్పించడమంత నీరసమైన పని లేదు.

మంచివి లేవని కాదు. ఏదో జిల్లాలో ఒక బడిలో పాఠాలు చెప్పే ఒకావిడ రాసిన నవల వచ్చింది. టెంట్ హౌస్ నడిపే ఇద్దరు అక్కచెల్లెళ్లు. ఇద్దరికీ మధ్య ఏదో జరిగింది. ఏమిటో నవల సగం దాకా చెప్పరు. పెళ్లి నుంచి తిరిగొచ్చిన పెద్ద పెద్ద గిన్నెలు కలిసి తోముతారు, మాట్లాడుకోరు. రాత్రికి ఒకరి వీపుకి ఒకరు మందు రాసుకుంటారు, మాట్లాడుకోరు. అది చదివేటప్పుడు నేను ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాను.

యాదగిరి అన్న ఆ ఖాళీలన్నీ కత్తిరించేశాడు.

"నన్నంటవేంది? సార్‌ని అడుగు," అన్నాడు.

సార్‌ని అడగడానికి నాకు ధైర్యం చాలడానికి రెండు రోజులు పట్టింది. ఆయన కోప్పడలేదు.

"వాళ్లిద్దరు సప్పుడు చెయ్యకుంట కూసున్నరని నీకు తెలుసు అమ్మా. వినేటోనికి ఏం తెలుసు? ఫోన్ బందైందనుకుంటడు. తీసి సూస్తడు. ఇంకోటి పెట్టుకుంటడు."

ఆయన చెప్పింది నిజం. అలా వినడం మానేసినవాళ్లని మేం చూశాం. నవలకి నష్టం జరిగిందన్నదీ నిజమే. ఈ పనిలో అలాంటి రెండు నిజాలూ ఒకేసారి మోయాల్సి వస్తుంది. అదే ఎక్కువ అలసట.

సుల్తాన్ బజార్‌లో నా గొంతు

అమ్మ జాకెట్టు తేవడానికి ఒకసారి సుల్తాన్ బజార్ వెళ్లాను. మెట్ల కింద ఇరుకు దుకాణం. పద్మ అనే ఆవిడ మిషను కుడుతోంది. పక్కన ఫోన్‌లోంచి ఎవరో గబగబా, సన్నగా, ఎలుక కీచులాడినట్టు మాట్లాడుతున్నారు. రెండు వాక్యాలయ్యాక అర్థమైంది, అది నేనే. వేగం పెంచి పెట్టుకుంది.

"ఏం కావాలె మేడం?"

"జాకెట్టు... మా అమ్మగారిది," అన్నాను.

"జర గట్టిగ చెప్పున్రి. కథ నడుస్తున్నది, వినవడ్తలేదు."

నా గొంతు వల్ల నా గొంతు వినబడలేదు. ఇంకోసారి చెప్పాను. ఆవిడ జాకెట్టు వెతుకుతూ ఉంటే, కథలు బాగా వింటారా అని అడిగాను. నా మట్టుకు అది పెద్ద సాహసం.

"పొద్దంత వింట. గీమె మంచిగనే సదువుతది గానీ మస్తు నిదానం. అందుకే ఉరికిస్త."

"అంత వేగంగా పెడితే అన్నీ తెలుస్తాయా?"

"సగం మిషిన్ సప్పుడుల పోతయి. పోతే పోనియ్. ఆ పిల్ల అత్తింటికి పోయిందా లేదా, గది తెలిస్తె చాలు నాకు."

నేనే ఆ చదివేదాన్నని చెప్పలేదు. డబ్బులిచ్చి వచ్చేశాను. పెద్దచదువు చదివినవాళ్లు ఇలాంటి వినడాన్ని చిన్నచూపు చూస్తారు, ఇది చదవడమేనా అంటారు. నేను అనను. ఆవిడకి నవల అంటే ఆకలి ఉంది. ఆ రోజు బస్టాపులో నిలబడి ఆలోచిస్తే, నాకు అది ఎప్పటినుంచో లేదని తోచింది.

చప్పట

ఒక ఆదివారం. ఎన్నాళ్లనుంచో చదవాలనుకున్న నవల ఒకటి స్నేహితురాలు ఇచ్చింది. మా రికార్డింగుకి వచ్చింది కాదు, నా సొంతానికి. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మనసులోనే చదువుకుంటున్నాను. ఒక గంట గడిచిందేమో, లోపల్నుంచి అమ్మ కేకేసింది.

"ఏంటే అమ్మడూ, దోమలా? దోమల చుట్ట వెలిగించనా?"

"దోమలేం లేవమ్మా."

"మరెందుకు మాటిమాటికీ చప్పట్లు కొడుతున్నావు?"

నా చేతులకేసి చూసుకున్నాను. వాక్యం తప్పుగా చదివినప్పుడల్లా చప్పట కొట్టి, మళ్లీ మొదటినుంచి చదువుతున్నాను. పెన్సిల్ కూడా చేతిలోనే ఉంది. మొదటి పేజీ నిండా ఊపిరి గుర్తులు. స్నేహితురాలి పుస్తకం! ఇంకా చూసుకుంటే, పెదవి కదపకపోయినా గొంతు నొప్పి పుడుతోంది.

అప్పటికే గొంతు బొంగురుపోవడం కొన్ని నెలలుగా ఉంది. లక్డీకాపూల్ దగ్గర ఒక డాక్టరమ్మకి చూపించాను. ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి చూసి, స్వరపేటిక మీద చిన్న కాయలు లేచాయన్నారు. రెండు నెలలు మాట్లాడకూడదు. తర్వాత బల్ల మీదున్న కాగితం ఒకటి ఇచ్చి మనసులో చదవమన్నారు. నేను చదువుతుంటే ఆవిడ నా మెడకేసి చూస్తున్నారు.

"కదులుతోందమ్మా. కొందరికి మనసులో చదివినా గొంతు కొద్దిగా పనిచేస్తుంది. మీకు చాలా పనిచేస్తోంది. నవలలు కూడా ఆపండి కొన్నాళ్లు."

ఇంటికొచ్చి కాగితం మీద రాసి అమ్మకి చూపించాను: రెండు నెలలు మాట్లాడకూడదట. అమ్మ చదివి నాకేసి చూసింది. "ముందు మాత్రం ఏం మాట్లాడి చచ్చావు గనక?" అంది. ఇద్దరం నవ్వాం, నేను చప్పుడు లేకుండా. నవలల సంగతి మాత్రం రాసి చూపించలేదు. చిన్నప్పటినుంచీ నాకు డైరీ, నవలలు తప్ప వేరే స్నేహాలు పెద్దగా లేవు. డైరీలో మనిషి తనతోనే ఉంటాడు. నవల అలా కాదు. నలుగురి మధ్యా కూర్చోలేని నాకు నలుగురి మధ్యా కూర్చోవడం అదే. అది పోతే ఏం మిగులుతుందో ఆలోచించడానికే భయమేసింది.

రెండు నెలలకి గొంతు బాగుపడింది. నవల తెరిస్తే మాత్రం అదే తంతు. పేపరు చదవగలను, మందుసీసా మీది అక్షరాలు చదవగలను. నవలలో ఎవరైనా నోరు తెరిచి మాట్లాడగానే, వీడిది ఏ గొంతు, లావా సన్నమా అని లోపల పని మొదలవుతుంది. కథ నాకు అందదు. ఇంకెవరికో అందిస్తున్నట్టు ఉంటుంది.

ఆబిడ్స్ వెళ్లి సార్‌కి పని మానేస్తానని చెప్పాను.

"గొంతు మంచిగైందన్నవ్ గదా? మరేంది ఫికర్?"

"చదవలేకపోతున్నాను సార్."

"సదువుడే గదమ్మా నీ పని."

"అందుకే సార్."

ఆయన బొంతల గోడకేసి చూశారు. యాదగిరి అన్న హెడ్‌ఫోన్ మెడలోకి దించుకున్నాడు.

"నాకు పాటలు గట్లనే పోయినయ్," అన్నారు సార్. "క్యాసెట్ల దుకాణంల పొద్దంత అదే పని. ప్రతి క్యాసెట్ పెట్టి, మొదటి పాట జర విని, మంచిగుందా లేదా సూసి ఇచ్చుడు. గిప్పుడు ఇంట్ల రేడియో పెట్టనియ్య. మా ఇంటామె వంటింట్ల చిన్నగ పెట్టుకుంటది."

"మళ్లీ వస్తుందా సార్?"

"నాకైతే రాలే బిడ్డా. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలె."

ఏడేళ్లలో ఆయన దగ్గర నాకు దొరికిన అన్నిటికన్నా మంచి మాట అది. ధైర్యం చెప్పి పంపి ఉంటే ఇంటికెళ్లి ఆయన్ని తిట్టుకునేదాన్ని.

కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. పుస్తకాలంటే పిచ్చి ఉంటే ఈ పనికి ముందు కాస్త ఆలోచించండి. పిచ్చి లేనివాళ్లు ఎక్కువకాలం నిలబడతారు. మా దగ్గరే ఒకాయన ఉండేవారు. ఆయన ఇంట్లో క్రికెట్ తప్ప ఏమీ ముట్టుకోరు. ఇప్పటికీ హాయిగా చదువుతున్నారు. మీరు ఎలాగూ వస్తారని తెలుసు. అందుకని పనికి చదివే నవల ఇంట్లో చదవకండి. ఏ మెట్ల మీదో, ఏ హోటల్లోనో కూర్చుని గుర్తులు పెట్టుకోండి. ఇంట్లో కుర్చీని దానికి ఇవ్వకండి.

ఆ తర్వాత

మానేశాక కొన్ని వారాలు పుస్తకం జోలికి పోలేదు. ఒకరోజు అమ్మ ఎదురింటి వాళ్లదగ్గర లావుపాటి కొత్త నవల తెచ్చుకుంది. గోంగూర ఒలుస్తూ ఒళ్లో పెట్టుకుని చదువుతోంది. చూస్తూ ఉంటే నాకు ఒళ్లు మండిపోయింది. పది పేజీలు చదవడం, ఇరవై పేజీలు తిప్పేయడం, చివరికి వెళ్లి చూడటం, మళ్లీ మధ్యకి రావడం.

"అదేం చదవడం అమ్మా?"

"ఆ ఊరి సంత వర్ణన నాకెందుకే? అది వాడితో వెళ్లిందా లేదా చూశాను. వెళ్లలేదు. ఇప్పుడు హాయిగా చదువుతాను."

"రాసినాయన అంత కష్టపడి రాస్తే..."

"రాసుకోనీ. ఆయనేమన్నా వచ్చి చూస్తాడా? నన్ను ఎవరు అడుగుతారు?" అని ఇంకో నాలుగు పేజీలు తిప్పేసింది, నన్ను ఉడికించడానికే.

ఆ తర్వాతి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరిచినచోట ఊరికే నడుస్తుంటే ఒక నవల కనబడింది. ఈ మధ్యనే వచ్చింది, అప్పుడే పాతబుక్కుల్లోకి చేరింది. దవాఖానలో బట్టలుతికే ఒకావిడ కథ. ఏదో పని చేసే మనిషి ఉంది కదా అని కొన్నాను. ఇంటికి తీసుకెళ్తే ఆ కుర్చీ, ఆ పెన్సిల్ గుర్తొస్తాయని పబ్లిక్ గార్డెన్‌లో ఒక బెంచీ మీద కూర్చున్నాను. మొదటి పేజీలు ఎప్పటిలాగే. ఆవిడ నోరు తెరవగానే ఏ గొంతు పెట్టాలా అని లోపల పని మొదలైంది. మూసేద్దామనుకున్నాను. కానీ నవలలో ఎవరో ఆవిడ తలుపు కొడుతున్నారు. లోపల ఆవిడ లేచింది. సరిగ్గా అక్కడ వాన మొదలైంది. వాన గురించి పేజీ. పేజీ తిప్పితే ఇంకా వాన. మంచి వాక్యాలే, పైకి చదివితే బాగుంటాయి. నాకు మాత్రం తలుపు తీస్తుందా లేదా అన్నదే కావాలి. ఎవరూ వినడం లేదు కదా అనుకున్నాను. వేలు పెట్టి ఒకేసారి రెండు కాగితాలు తిప్పేశాను.

తలుపు తీసింది. వచ్చింది ఎవరో ఇక్కడ చెప్పను, మీరు చదువుకోండి. మాలి వచ్చి గేటు వేసే వేళయిందని లేపేదాకా చదువుతూనే ఉన్నాను. బయటికి నడుస్తూ ఆలోచిస్తే, ఆవిడది సన్నటి గొంతో బొంగురు గొంతో నాకు తోచలేదు.

ఇంటికెళ్లి రెండు రోజుల్లో నవల పూర్తి చేశాను. ఆ వానలో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.